పదిహేనుకు పదిహేను

"పదిహేనుకు పదిహేను వచ్చినా నా బిడ్డ ఆఖరేంటండి?"

జ్ఞానమణి నర్సు పుష్పలత వెనకే తిరుగుతోంది. రెడ్డిగూడెం తోటల్లో మామిడికాయలు కోసి తిరిగొస్తున్న కూలీల ఆటో, గేదె అడ్డం రావడంతో బోల్తాపడింది. దెబ్బలు తగిలిన పదకొండు మందినీ తిరువూరులోని ఈ చిన్న నర్సింగ్‌హోమ్‌కు తెచ్చారు. ఇక్కడున్నది ఒక డాక్టరు, ఒక నర్సు, ఒక అంబులెన్సు. జ్ఞానమణికి మోచెయ్యి గీరుకుపోయిందంతే. కూతురు ఆరాధనకు మాత్రం తలకు తగిలింది; ఆ పిల్లను తెర వెనక మంచం మీద పడుకోబెట్టారు. విజయవాడ వెళ్లే బండిలో పడుకోబెట్టేది ఒక్కరినే. ఆ ఒక్కరూ తన కూతురే కావాలని తల్లి ఆరాటం.

"ముందు జోజిబాబు వెళ్తాడమ్మా. డాక్టరుగారు చెప్పేశారు."

"ఆటో బోర్లా వేసినోడా? వాడికెన్నొచ్చాయి?"

"తొమ్మిది."

"తొమ్మిదొచ్చినోడు ముందు, పదిహేనొచ్చిన పిల్ల వెనకా! మార్కులు చూసి పంపుతామని మీరేగా అన్నారు? ఏ బళ్లో నేర్పారండీ ఈ లెక్క?"

కాలికి కట్టుతో బెంచీ మీద కూర్చున్న వెంకాయమ్మ నొప్పిలోనూ ఊరుకోలేదు. "జోజిగాడికి బళ్లో కూడా ఎప్పుడూ తొమ్మిది దాటలేదులే మణీ!"

జ్ఞానమణికి నవ్వు రాలేదు. కాలేజీ సీటైనా, ఉద్యోగమైనా ఎక్కువ మార్కులవాళ్లనే ముందు పిలుస్తారని ఆమెకు తెలుసు. తెలిసినవాళ్లు లేనివాళ్లకు మార్కులొచ్చినా ఇంతేనేమో. ప్రభువా, నీ బిడ్డల్ని వరసలో పెట్టే పని మనుషులకు ఎందుకిచ్చావని లోపలే అడిగింది.

"కళ్లు మూసుకుని పడుకుందండి. నాకు భయంగా ఉంది."

"ఇందాక బాగానే మాట్లాడిందిగా! అతన్ని ఎక్కించి వచ్చి చూస్తాను."

ఇంతలో జోజిబాబును స్ట్రెచర్ మీద తీసుకొచ్చారు. అతను కళ్లు తెరవకుండా మూలుగుతున్నాడు. జ్ఞానమణి వెళ్లి స్ట్రెచర్ కమ్మీ పట్టుకుంది.

"కదలనివ్వను. మేం కూలోళ్లమనేగా ఈ అన్యాయం?"

"వదలండమ్మా, అతని ప్రాణం పోతుంది!" పుష్పలత గొంతు పెరిగింది. వెంటనే తగ్గించుకుంది. "ఇవి బడి మార్కులు కావు. కళ్లు తెరుస్తున్నారా, మాట్లాడుతున్నారా, చెప్పినట్టు చెయ్యి కదుపుతున్నారా అని చూసి వేస్తాం. అన్నీ సరిగ్గా చేస్తే పదిహేను. ఎంత తగ్గితే అంత ప్రమాదం. అందుకే తక్కువ వచ్చినవాళ్లు ముందు వెళ్లాలి."

జ్ఞానమణి చెయ్యి కమ్మీ మీద నుంచి జారిపోయింది. స్ట్రెచర్ ముందుకు కదిలింది.

"తక్కువొస్తేనా... ముందు?"

"ఆఁ. నేను వెంకాయమ్మగారి కాలికి కట్టు కడుతూ ఇవతల నుంచే మీ అమ్మాయిని అడిగాను. పేరు, ఊరు, ఈరోజు ఏం వారమో తెర వెనక నుంచి టకటకా జవాబులొచ్చాయి. చెయ్యి ఎత్తమంటే తెర మీదుగా ఊపింది కూడా. అన్నీ వచ్చినందుకు స్తోత్రం చెప్పుకోండి. రెండో బండి విస్సన్నపేట నుంచి గంటలో వస్తుంది."

బయట అంబులెన్సు తలుపులు మూసిన చప్పుడైంది. జ్ఞానమణి వాకిలి వైపు చూసింది, తెర వైపు చూసింది.

"ఇంకా కోపమేనా అమ్మా?"

జ్ఞానమణి రెండు చేతులతో ఆమె చెయ్యి పట్టుకుంది.

"ఆ జవాబులు చెప్పింది నేనండి."