గోడకీ జిగురక్కకీ మధ్య

"కాస్త జరుగక్కా! ఇంకో అంగుళం ఇటొచ్చావంటే గోడ మీద నా బొమ్మ అచ్చు పడిపోతుంది."

జిగురక్క జరగలేదు. జరిగే మనిషే అయితే ఆ పేరెందుకు వస్తుంది? పదో తరగతి మొదటి బెంచీలో అటు గోడ, ఇటు జిగురక్క, మధ్యలో మిడత. సీసాలో పడ్డ చీమకైనా మూత తీస్తే దారి దొరుకుతుంది. మిడతకి ఆ భాగ్యమూ లేదు.

మిడత అసలు పేరు హాజరు పట్టీకి తప్ప ఎవరికీ గుర్తు లేదు. చిన్నప్పుడు పుస్తకం తెరిచి, "అక్షరాలు మిడతల్లా గెంతుతున్నాయి" అని ఏడ్చింది. అక్షరాలకి రావలసిన పేరు పిల్లకి అతుక్కుపోయింది. అలాంటి పిల్లల కోసం ఆ బడిలో సహాయ గది అని ఒకటుంది. ఆ గది మేడమ్ ఒక అట్టముక్కకి సన్నటి కిటికీ కోసి ఇచ్చింది. అందులోంచి ఒక్కో వరసే కనపడుతుంది కనుక అక్షరాలకి గెంతే చోటు ఉండదు. పైగా క్లాసులో పక్కన కూర్చుని చదివి వినిపించడానికి జిగురక్కని జీతం మీద తోడు పెట్టింది.

ఇప్పుడు మిడత ఆ అట్టముక్క పట్టుకుని లావుపాటి కథల పుస్తకాలు కూడా నమిలేస్తోంది. జిగురు మాత్రం ఊడలేదు. చివరి బెంచీలో స్నేహితురాలు రోజూ సంచీ పెట్టి చోటు పట్టి ఉంచుతుంది. మిడత మెడ తిప్పి ఆ చోటు కేసి చూడటం, నిట్టూర్చడం. అంతే.

లెక్కల పీరియడైతే మరీ చెర. మాష్టారు వేసవిలో రిటైరవుతారని మిగతా క్లాసులన్నీ కొత్తాయనకిచ్చి, ఆయనకి ఇదొక్కటే మిగిల్చారు. ఆయన బోర్డు వైపు తిరిగారంటే ఇక తపస్సే. ఒకసారి కిటికీ అవతల పిడుగు పడి చెట్టు నిలువునా చీలిందట. క్లాసంతా బెంచీల కింద దూరితే, ఆయన సమీకరణం ముగించి ఇటు తిరిగి, "ఏమర్రా, కింద ఏం వెతుకుతున్నారు?" అన్నారట. చెప్పేవాళ్ళు మారినకొద్దీ ఆ పిడుగు దగ్గరగా జరుగుతూ వచ్చి, ఈమధ్య మాష్టారి కుర్చీ దాకా చేరింది.

వెనక బెంచీ నుంచి ఎవరైనా సందేహం అడిగితే చాలు, జిగురక్క ముందుకి వంగి, నోరంతా తెరిచి, పసిబిడ్డకి ముద్ద కలిపి పెడుతున్నట్టు ఒక్కో మాటా విడదీసి మళ్ళీ అప్పజెబుతుంది. గంట కొడితే పుస్తకం మూసి అందరికంటే ముందు లేచి నిలబడుతుంది. "మిడతకి చెవుడు కూడానేంటే?" అని వెనకాల కిసకిసలు.

"నాకు గొడవ అక్షరాలతో కదక్కా! నావి పాము చెవులు. ఎందుకలా ఊదరగొడతావు?"

"అలవాటైపోయిందే."

"రేపు సహాయ గదిలో అడుగుతారుగా, తోడు కావాలా వద్దా అని. వద్దని చెప్పేస్తా."

జిగురక్క ముఖం వాడిపోయింది. "మిగతా పీరియడ్లన్నీ వదిలేస్తాను తల్లీ. లెక్కలకి మాత్రం ఉండనీ. వేసవి దాకా."

"బాగుంది! లెక్కల్లోనేగా నేను ఫస్టు. అంకెలు నా దగ్గర బుద్ధిగా నిలబడతాయి."

"ఇక్కడ పిల్లల పేరు మీదైతేనే తోడు ఇస్తారు. నువ్వు వద్దంటే నేను ఈ గది దాటిపోవాలి."

"ఓహో! నీ ఉద్యోగం కోసం నన్ను కట్టేసుకుంటావా?"

"ఈ బడి సంగతి నీకు తెలీదే. చూపు మందగించిందని డ్రాయింగ్ మాష్టారిని నడి ఏడాదిలో ఇంటికి పంపేశారు."

"ఆయన గుర్రానికి ఐదు కాళ్ళు గీశాడక్కా! నువ్వేం గీయక్కర్లేదుగా. నీ ఉద్యోగం కోసమేనని ఒప్పుకోవచ్చుగా?"

"అలాగే అనుకో," అంది జిగురక్క.

సాయంత్రం క్లాసు ఖాళీ అయ్యాక మిడత మళ్ళీ వచ్చింది. లెక్కల మాష్టారు మర్నాటి లెక్క బోర్డు మీద వేస్తున్నారు. న్యాయంగా మాట్లాడే మనిషి ఆయనొక్కరే అని పిల్ల నమ్మకం.

"మాష్టారూ."

సుద్దముక్క ఆగలేదు.

"మాష్టారూ, జిగురక్క నాకు అక్కర్లేదని మీరైనా మేడమ్‌కి చెప్పండి. అందరూ నవ్వుతున్నారు. ఊపిరాడటం లేదు నాకు."

సుద్దముక్క టకటకా నడుస్తూనే ఉంది.

"సరే! అందరూ కలిసే నన్ను గోడకేసి నొక్కుతున్నారన్నమాట!"

చేతిలోని జామెట్రీ డబ్బాని నేలకేసి కొట్టింది. వృత్తలేఖిని ఒక మూలకి, కోణమానిని ఒక మూలకి ఎగిరాయి. గదంతా ఖంగుమంది. మాష్టారు గీస్తున్న గీత వెంట్రుకవాసి కూడా వంకరపోలేదు.

మిడత అక్కడే నిలబడిపోయింది. కోపం ఎటు పోయిందో, కళ్ళు మాత్రం బోర్డు ముందున్న ఆ వీపు మీదే ఉన్నాయి. తర్వాత వంగి ఒక్కో వస్తువూ ఏరుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు సహాయ గదిలో మేడమ్ పెన్ను తీసింది. జిగురక్క అప్పటికే సంచీ భుజాన వేసుకుని ఓ పక్కన నిలబడి ఉంది. కిటికీ బయట చివరి బెంచీ స్నేహితురాలు రెండు చేతులూ ఊపుతోంది.

"అక్షరాలు దారికొచ్చాయి. ఇక తోడు తీసేద్దామా?" అంది మేడమ్.

"లెక్కల పీరియడుకి ఉంచండి మేడమ్. వేసవి దాకా."

జిగురక్క చటుక్కున తలెత్తింది. కిటికీ బయట ఊగుతున్న చేతులు ఆగిపోయాయి.

"లెక్కల్లో నీకేం కష్టమే? కారణం లేకుండా నేను రాయకూడదు."

మిడత గోడ వైపు ఒకసారి, జిగురక్క వైపు ఒకసారి చూసింది.

"నాకు వినపడదని రాయండి."