గ్రహణం మాట

"కడుపులో పిల్లాడు తయారయ్యేటప్పుడు మెదడు అడుగున, ఒళ్లు ఎదిగేలా చేసే చిన్న గ్రంథి ఏర్పడాలి. ఎప్పుడు కదలాలో, ఎక్కడికి చేరాలో దాని కణాలకు జీన్లు చెప్తాయి. మీవాడికి ఆ మాట అందలేదు. కణాలు పుట్టినచోటే ఆగిపోయాయి. అందుకే వాడు ఎదగలేదు" అన్నాడు హైదరాబాద్ డాక్టరు.

"మస్టర్ల హాజరు పడ్డది గాని, బాయిలకు దిగలేదన్నట్టు" అన్నాడు గోదావరిఖని బొగ్గుబాయిలో పనిచేసే ఓదెలు. పద్నాలుగేళ్ల కొడుకు అతని ఒళ్లో నిద్రపోతున్నాడు.

అతని భార్య సమ్మక్క ముందుకు జరిగింది. "వీడు కడుపుల ఉన్నప్పుడు గ్రహణంల కూరగాయలు కోసిన సార్. అందుకే గిట్లయిండని మా అత్త అంటది."

"గ్రహణానికి సంబంధం లేదమ్మా. మీది మేనరికం. ఒకే లోపం మీ ఇద్దరిలోనూ దాగి ఉంది. రెండు వైపులనుంచీ వాడికి వచ్చింది."

తిరుగు బస్సులో ఓదెలు ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "ఇంటికి పోంగనే అమ్మకు చెప్త, నీ తప్పేం లేదని."

"వద్దు బావా. గ్రహణమే అని చెప్పు."

"ఎందుకే?"

"పెద్దబిడ్డను నా తమ్మునికే ఇస్తిమి గద. దానికిప్పుడు ఐదోనెల. మొన్న గ్రహణంనాడు కదలకుండ పండుకున్నది. ఇగ ఫికర్ లేదని నవ్వుకుంట తిరుగుతున్నది."