తలుపు దగ్గర మనిషి

ఆ ఆటలో అందరూ చచ్చి తిరిగొచ్చిన హంతకులు. జోస్యానికి వాడే టారో బొమ్మల కార్డు ఒకటి తీసి, ఎవరిని చంపాలో దాని మీద పెన్సిల్‌తో రాయాలి. ఆ రాత్రి తన ఇంట్లో స్నేహితులతో ఆడుతూ ఒక నర్సు కసికొద్దీ సొంత అక్క పేరు రాసింది. అమ్మ మంచాన పడ్డ ఎనిమిది నెలల్లో ఒక్కసారీ తొంగిచూడని అక్క. స్నేహితులు పడీపడీ నవ్వారు.

వాళ్లు వెళ్లాక కార్డులు సర్దుతుంటే ఒకటి తగ్గింది. తను తీసిన ముసుగు మనిషి కార్డే. బల్ల కిందా, కుర్చీల కిందా వెతికింది. ఎక్కడా లేదు.

ఇంతలో ఫోన్ మోగింది. రెండేళ్లుగా మాటల్లేని అక్క.

"ఏమే, ఎవరినైనా పంపావా? తలుపు కిందనుంచి ఏదో బొమ్మ కార్డు తోశారు. దాని మీద నా పేరుంది, నీ రాతే. ఎవరంటే నీ పేరు చెప్తున్నాడు."

నర్సు తలుపు తియ్యొద్దని చెప్పబోయింది.

"నువ్వు పంపినవాడైతే తీస్తాలే," అక్క గొంతు మెత్తబడింది. "అమ్మ గురించి నీతో మాట్లాడాలని..."

"ఇప్పుడు గుర్తొచ్చిందా అమ్మ?"

నోరు జారాక నాలుక్కరుచుకుంది.

అవతల అక్క నిట్టూర్చింది. "నాతో మాట్లాడ్డం ఇష్టం లేకపోతే పోనీలే. చెప్పాల్సింది ఇతనికే చెప్పి పంపుతాను."

"అక్కా, ఆగు!" అని అరిచేసరికి గొళ్లెం తీసిన చప్పుడైంది.