ఒక్క ఊపిరి లెక్క

స్టాటిస్టిక్స్ ల్యాబు వాకిట్లో ఎవరో పెద్దాయన నిలబడినాడు. సంకలో మూడు పొడుగు నోటుపుస్తకాలు.

సత్యప్రియ పాఠం ఆపింది. కాలేజీలో పాత సాఫ్ట్‌వేర్‌కి లైసెన్సు అయిపోయింది. ఇంటర్నెట్‌లో ఫ్రీగా దొరికే సైటులో పిల్లలకు గ్రాఫులు నేర్పిస్తా ఉండింది.

"ఏం కావాలయ్యా?"

"అంకెలు పోస్తే గీత గీసి చూపిస్తాదంట గదా, టీచరమ్మా. ఫ్రీ అని బస్సులో మీ పిల్లలు మాట్లాడుకున్నారు."

"ఏం అంకెలు?"

"నూలు మిల్లువాళ్ళవి. ఒక్క ఊపిరిలో ఒకటి నుంచి ఎంతదాకా ఎంచినారని. ఏడాదికొకసారి రాసినాను."

రిటైరైన సూపర్‌వైజరేమో, పొద్దుపోక వచ్చినాడు అనుకునింది సత్యప్రియ.

"ఇప్పుడు క్లాసు నడుస్తా ఉంది. సోమవారం రండి."

సోమవారం వచ్చినాడు. ఆరోజు ఇన్‌స్పెక్షన్.

"వచ్చే వారం చూద్దాం."

"సరేమ్మా. పుస్తకాలు ఈడనే పెట్టిపోతాను. మళ్ళీ మోసుకొని మెట్లెక్కలేను."

అట్ట మీద చెల్లప్ప, తళవాయిపురం అని ఉండింది.

తర్వాతి వారం ఆయన రాలేదు. ఆ పై వారమూ రాలేదు.

ఒకరోజు పిల్లలకు ప్రాక్టీసుకి కొత్త అంకెలు కావలసి, ఆ పుస్తకాలు పంచింది. పేరు, పని, ఏడాదికొక అంకె. పిల్లలు గంటసేపు టైపు చేసినారు.

పాండీశ్వరి చెయ్యెత్తింది.

"మేడమ్, ఖాళీ ఉండే వరుసలు తీసేయాల్నా అని సైటు అడుగుతాంది."

"ఎందుకు ఖాళీ?"

"యాభై రెండు, నలభై నాలుగు, ముప్పై ఒకటి, పంతొమ్మిది. ఆ పైన లేదు."

"పని మానేసి ఉంటారు. తీసెయ్."

పాండీశ్వరి మౌస్ కదిలించలేదు.

"మా అమ్మ, మేడమ్. ఇసక్కియమ్మాళ్. ఆ ఏడాదే పోయింది. టీబీ అన్నారు."

బస్సు నంబరు చెప్పినట్టు చెప్పింది.

సత్యప్రియ వచ్చి, తానే 'వద్దు' అని నొక్కింది.

గ్రాఫు వచ్చింది. మిల్లు ఆఫీసువాళ్ళ గీత దిగకుండా నేరుగా పోయింది. దూది దుమ్ములో పనిచేసినవాళ్ళ గీత ఏడాదికేడాది దిగిపోయింది.

ఫ్యాను తిరుగుతా ఉండింది.

ఆ సాయంత్రం గ్రాఫు ప్రింటు తీసుకొని సత్యప్రియ తళవాయిపురం బస్సెక్కింది.

తలుపు తీసింది చెల్లప్ప భార్య తంగమ్మాళ్.

"ఆయన పోయి పదకొండు రోజులాయె, తల్లీ."

సత్యప్రియ కాగితం విప్పి ఆమె ముందు పట్టింది.



"దీన్ని లేబర్ ఆఫీసుకు పంపుతాను, అవ్వా. కింద ఆయన పేరు రాయాల. మిల్లులో ఏం పని చేసినారు?"

తంగమ్మాళ్ ఆ గీతల్ని చూసింది.

"మిల్లు లోపలికి ఆయన్ని ఎవరు పోనిచ్చినారు? ఇరవై రెండేండ్లు గేటు బయట టీ అమ్మినాడు."