వెనకాల నడిచిన మనిషి

టేపు కొసను మేకుకు తగిలించి గాబ్రియేలు వెనక్కి తిరిగి చూశాడు. ఆ ముసలాయన ఇవాళ కూడా వచ్చాడు.

పది అడుగుల దూరంలో నిలబడి ఉన్నాడు. భుజాన గొంగడి, చేతిలో కర్ర. చూపు మాత్రం గాబ్రియేలు మీదే.

ఇది నాలుగో రోజు. గాబ్రియేలు ఆగితే ఆగుతాడు, కదిలితే కదులుతాడు. పలకరించడు, నవ్వడు.

గాబ్రియేలు చూపు తిప్పుకుని టేపు లాగాడు.

అతనిది రామాయంపేట. మెదక్ మునిసిపాలిటీలో నక్షాలు గీసే ఉద్యోగానికి వచ్చి రెండు నెలలైంది. అది పందొమ్మిది వందల అరవై ఆరు. ఊళ్లు ఎలా ఉండాలో, వీధులు ఎటు పోవాలో నేర్పే పెద్ద చదువు ఢిల్లీలో ఉందని విన్నప్పటి నుంచి అతనికి మరో ధ్యాస లేదు. సీటు కావాలంటే ఏదైనా ఒక వీధిని స్వయంగా కొలిచి, దాన్ని ఎలా బాగుచేయవచ్చో నక్షా గీసి నెలాఖరుకల్లా పంపాలి.

చింతల గల్లీని ఎంచుకున్నాడు. పాతిక ఇళ్లున్నాయి గాని ఎడ్లబండి కూడా దూరదు. నక్షా బాగుంటే నిజంగానే బాట వేయిస్తానని ఇంజనీరు అమరేందర్ మాట ఇచ్చాడు. దాంతో ఊరుకోక ఇంకో మాట కూడా చెప్పాడు. టేపు పట్టుకున్నవాడు కనిపిస్తే ఇల్లు కూలగొట్టడానికే వచ్చాడని జనం అనుకుంటారట. ఎక్కడో ఇలాగే కొలవబోయిన సర్వేయరు తల పగిలి దవాఖానాలో పడ్డాడట. పిల్లవాడికి ధైర్యం చెప్పే తీరు అదీ!

వింతేమిటంటే, గల్లీలో ఎవరూ గాబ్రియేలును ఏమీ అనలేదు. తలుపులు తీశారు, వాకిళ్లు కొలవనిచ్చారు. యాదవ్వ అనే ఆవిడైతే చెంబుతో మంచినీళ్లిచ్చింది. అంతా తన మాటతీరు గొప్పదనమేనని అతను లోలోపల మురిసిపోయాడు.

భయమల్లా ఆ ముసలాయనతోనే.

గాబ్రియేలు ఒక ఇంట్లో కొలుస్తుంటే, ఆయన పక్కింటి గడప దగ్గర నిలబడి లోపలివాళ్లతో ఏదో గుసగుసలాడతాడు. ఏం నూరిపోస్తున్నాడు? జనాన్ని కూడగడుతున్నాడా? ఆ కర్ర ఎందుకు? అన్నం ముందు కూర్చున్నా గాబ్రియేలుకు ఆ కర్రే కళ్లలో మెదిలేది. ముద్ద దిగేది కాదు.

ఆ మధ్యాహ్నం ఇంకా ఆరు ఇళ్లు మిగిలాయనగా, ముసలాయన ఉన్నట్టుండి వడివడిగా దగ్గరికి వచ్చాడు. చెయ్యి ఎత్తాడు.

గాబ్రియేలుకు పై ప్రాణాలు పైనే పోయాయి. గొంతు తనకు తెలియకుండానే లేచింది.

“ఎందుకు నా ఎన్కనే తిరుగుతున్నవ్? నాలుగు దినాల సంది చూస్తున్న.”

“నా మాట జర ఇను బిడ్డా...”

“ఏం ఇనేది లేదు. రేపు ఈ గల్లీల కనబడ్డవంటె ఠాణాల కంప్లైంట్ ఇస్త.”

గల్లీ గల్లీ అంతా గడపల్లోకి వచ్చి చూసింది. ముసలాయన ఎత్తిన చెయ్యి దించుకున్నాడు.

“మంచిది సారూ. ఇగ రాను.”

మర్నాడు నిజంగానే రాలేదు. పీడ వదిలిందనుకుని గాబ్రియేలు ఈల వేసుకుంటూ గల్లీలోకి అడుగు పెట్టాడు.

తలుపులన్నీ మూసి ఉన్నాయి.

మేకు కొట్టాడో లేదో, నలుగురు చుట్టుముట్టారు. తర్వాత పది మందయ్యారు. ఒకడు నక్షా గీసుకునే బల్లను మురికి మోరీలోకి తోశాడు. ఇంకొకడు నక్షాను లాక్కుని ముక్కలు ముక్కలుగా చింపాడు. చెవి పక్క నుంచి రాయి ఒకటి రివ్వున పోయింది. గాబ్రియేలు పరుగు తీశాడు. ఎటు పోతున్నాడో అతనికే తెలియదు. యాదవ్వ తలుపు తీసి, రెక్క పట్టుకుని లోపలికి లాగి గడియ పెట్టింది.



“పెద్దమనిషిని ఎందుకు ఎల్లగొట్టినవ్ బిడ్డా?” అంది యాదవ్వ.

ఆయన పేరు గాలయ్య అట. మూడేళ్ల కింద కోడలికి నొప్పులొస్తే గల్లీలోకి బండి రాలేదు. మంచం మీద మోసుకుపోతుంటే దారిలోనే తల్లీ బిడ్డా పోయారు. అప్పటి నుంచి బాట కోసం ఆయన పట్టుకోని కాళ్లు లేవు. గాబ్రియేలు టేపు పట్టుకుని వచ్చిన రోజు ఆయన మొహం చూడాల్సిందని చెప్పింది యాదవ్వ.

“గల్లీల ఒక్క ఇల్లే పోతది, అది మీది కాదు, సారును కొలువనీయుండ్రి అని ఇంటింటికి చెప్పిండు. ఆయన జామీను మీదనే అందరు ఊకున్నరు. మిగిలిన ఈ ఆరిండ్లోళ్లు ఇంకా ఒప్పుకోలే. రెండు దినాలు ఆగుమని చెప్పనీకె నిన్న నీ దగ్గరికొచ్చిండు.”

జామీనుగా నిలబడ్డ మనిషినే ఠాణా పేరుతో బెదిరించాడంటే ఇక అందరి ఇళ్లూ పోయినట్టేనని జనం అనుకున్నారు. నలుగురిలో మాట పడ్డాక గాలయ్య ఉండలేక నిన్ననే హవేలిఘనపూర్‌లో కూతురి ఇంటికి వెళ్లిపోయాడు.

నక్షా పోయింది. నెలాఖరుకు ఇంకా రెండు రోజులే. ఈ ఏటికి ఢిల్లీ మాట మరచిపోవలసిందే. అయినా గాబ్రియేలుకు ఏడుపు వచ్చింది దానికి కాదు.

తన నక్షా ప్రకారం ఏ ఇల్లు పోతుందో అతను ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. ఇంజనీరుకు కూడా.

“ఒక్క ఇల్లే పోతదని ఆయనకెట్ల ఎర్కైంది?”

“బండి లోపటికి రావాల్నంటె ఏది పోవాల్నో ఈడ ఉండేటోళ్లకు ఎర్క కాదా?” అని యాదవ్వ తలుపు కొంచెం తెరిచి చెయ్యి చాపింది.

గల్లీ మొదట్లో దారికి అడ్డంగా, తాళం వేసి ఉన్న ఆ పెంకుటిల్లు గాలయ్యదే.