నలభై ఒకటో దరఖాస్తు

దేశం కాని దేశం వచ్చి, ఇల్లు లేని పిల్లలకు ఇళ్లు వెతికిపెట్టడం ఆ దంపతుల పని. ఆయన మిషన్ డైరెక్టరు, ఆవిడ కార్యదర్శి. నాలుగేళ్లలో నలభై మందిని ఇళ్లకు చేర్చారు. ఆ నలభై ఫొటోలూ ఆఫీసు గోడ మీదే ఉన్నాయి. వాటికి చోటు చాలక గడియారాన్ని తీసేశారు. అప్పట్నుంచీ ఇద్దరికీ టైము తెలియడం లేదు.

పక్షపాతమంటే డైరెక్టరుకి ఒళ్లు మంట. అందుకే ఒక రూలు పెట్టాడు. పిల్లల పేరు, తల్లిదండ్రుల పేర్లు విడిగా ఒక కాగితం మీద రాసి, కవర్లో పెట్టి అంటించాలి. ఇల్లు ఖాయం చేసి సంతకాలు పెట్టాకే గుమస్తా ఆ కవరు చింపాలి. సంతకాలు పడ్డాక నిర్ణయం మారదు. దేవుడు దిగొచ్చినా అంతే.

ఆ రోజు గేటు దగ్గరి పెట్టెలో నలభై ఒకటో దరఖాస్తు దొరికింది. పదేళ్ల పిల్ల. తనే నింపింది.

మన ఫారాన్ని తప్పు లేకుండా నింపినవాళ్లు ఇంతవరకూ లేరని గుమస్తా ఆశ్చర్యపోయాడు. నిజమే. పన్నెండో గడి రాసిన డైరెక్టరుకే అది సగం రోజులు అర్థం కాదు. ఈ పిల్ల దాన్నీ చక్కగా నింపింది. చేతిరాత ముత్యాల్లా ఉందని కార్యదర్శి మురిసిపోయింది.

ఈ ఏడాది ఐదిళ్లు మారిందట. అన్నీ తెలిసినవాళ్ల ఇళ్లే. ఏ రాత్రి ఎవరింట్లోనో తెలియదు కనక బట్టలు స్కూలు సంచిలోనే పెట్టుకుంటుందట. తల్లిదండ్రులు ఉన్నారా అన్నచోట, 'ఉన్నారు, పని మీద ఉంటారు' అని రాసింది. ఎలాంటి ఇల్లు కావాలి అన్నచోట, 'స్కూలు నుంచి వచ్చేసరికి లోపల ఎవరో ఒకరుండే ఇల్లు' అని రాసింది.

అది చదివి కార్యదర్శి కళ్లు తుడుచుకుంది. నటన కాదు, ఆవిడ మనసు నిజంగానే మెత్తన. ఇంతలో ఫోను మోగింది. "మీటింగులో ఉన్నానమ్మా, తర్వాత మాట్లాడతా" అని పెట్టేసి, మళ్లీ కళ్లు తుడుచుకుంది.

"పనట, పని! పేకాట అయ్యుంటుంది," అన్నాడు డైరెక్టరు. "కన్నపిల్ల ఏ గుమ్మంలో పడుకుంటోందో తెలియనివాళ్లు కూడా తల్లిదండ్రులేనా?"

జాబితాలో మూడిళ్లు మిగిలాయి. మొదటిది మేడ. ఆ ఇంటావిడ, పిల్లకి పసివాళ్లని ఎత్తుకోవడం వచ్చా అని రెండుసార్లు అడిగింది. ఆవిడకి కావలసింది కూతురు కాదు, జీతం లేని ఆయా. రెండోది రిటైరైన మేష్టారి ఇల్లు. ఆయన సెలవుల్లో మాత్రం ఉంచుకుంటానన్నాడు.

మూడోది స్కూలు వెనక కుట్టుపని చేసే ఆవిడ ఇల్లు. ఒకటే గది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా కుట్టుమిషను దగ్గరే ఉంటుంది. వివరాలు రాసుకోవడానికి వెళ్లిన గుమస్తాని ఆవిడ ఒక్కటే అడిగిందట, "పిల్లకి చీకటంటే భయమా? అయితే లైటు ఆర్పను."

"ఇదేనండీ ఆ పిల్ల ఇల్లు," అంది కార్యదర్శి.

ఆయన సరేనన్నాడు గానీ, షరతులు రాయనిదే ఆయనకి ముద్ద దిగదు. రేపు ఆ తల్లిదండ్రులు ప్రేమ ముంచుకొచ్చి పరిగెత్తుకొస్తే? ఎంత ఏడ్చినా పిల్లని తిరిగి అప్పగించకూడదని రాయించాడు. నెలకోసారి వాళ్లు వచ్చి చూసిపోవచ్చని కార్యదర్శి చెప్పింది.

"అదీ పిల్ల ఒప్పుకుంటేనే," అని ఆయన చేర్చాడు.

ఇద్దరూ సంతకాలు పెట్టారు. నలభై ఒకటో ఫొటోకి చోటు వెతుకుతూ గోడ వైపు తిరిగారు.

గుమస్తా కవరు చింపాడు. చదివాడు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివాడు.

పిల్ల పేరు కింద, తల్లి అన్న గడిలోనూ తండ్రి అన్న గడిలోనూ ఉన్నవి అప్పుడే సంతకాలు పెట్టిన ఆ ఇద్దరి పేర్లే.