ఆ గుంట పోనాది

ఆఖరి పేజీ చూసి ఆవిడ నవ్వింది.

చదివినవాళ్ళు ఏడవాలని నీలవేణి గీసిన పేజీ అది.

అరకు సంతలో అమ్మ అల్లం కుప్ప పక్కనే పట్టా పరిచి, నీలవేణి తన బొమ్మల కథల పుస్తకాలు పేర్చుకుని కూర్చుంది. పొద్దున్నే విశాఖ బస్సులో వచ్చిన కట్ట. ఇంకా సిరా వాసన వేస్తోంది.

పుస్తకం పేరు ‘ఎలుగుకి ఎదురెళ్ళిన గుంట’. అట్ట మీద ఎలుగుబంటి, దానికి ఎదురుగా ఓ చిన్నపిల్ల.

పట్నంలో పుస్తకాలు వేసేవాళ్ళు బొమ్మలు తిరగేసి, “కొండ మీద కథ ఎవరు కొంటారమ్మా?” అని తిప్పి పంపేశారు. చివరికి తనే సొంతంగా అచ్చు వేయించుకుంది.

ఎనిమిదో తరగతితో బడి మానేసిన పిల్ల పుస్తకం వేసిందట అని ఊళ్ళో అప్పుడే నవ్వుకుంటున్నారు. ఈ సంతలో ఒక్కరూ కొనకపోతే ఆ నవ్వే గెలుస్తుంది.

మొదట పుస్తకం పట్టుకున్న మనిషి ఈవిడే. యాభై దాటి ఉంటాయి. కొంగు మొహమంతా కప్పుకుంది, కళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి. మాటలో ఒరియా యాస.

ఆ కళ్ళే ఇప్పుడు నవ్వుతున్నాయి.

“ఏటి నవ్వుతన్నావు?” అంది నీలవేణి.

“ఈ గుంట సచ్చిపోనాదా?”

“పోనాది. ఎలుగు చీరేస్తే బతుకుతారేటి?”

“బొమ్మకి దండ కూడా ఎట్టీసినావు!” మళ్ళీ నవ్వింది.

ఉల్లిపాయల సోములు పక్క నుంచి అందుకున్నాడు. “బోణీ బాగుందే నీలవేణీ! ఏడుపు కథ అన్నావు, నవ్వు కథ అయిపోనాది.”

నీలవేణి చెవులు వేడెక్కాయి.

నవ్వడానికి అది కట్టుకథ కాదు. ఇప్పచెట్టు కింద గుడ్డ ఉయ్యాలలో ఉన్న పసిబిడ్డ నీలవేణి అమ్మే, అసిరమ్మ. ఆ బిడ్డను ఆడించడానికి ఉన్న అనాథ పిల్ల ఎలుగుకి అడ్డం వెళ్ళింది. అమ్మమ్మ ఈ కథ ఎన్నిసార్లు చెప్పినా, “ఆ గుంట పోనాది” అని కళ్ళు ఒత్తుకునేది.

ఆవిడ వెనక్కి ఒక పేజీ తిప్పింది. అక్కడ ఆ పిల్ల కర్రెత్తి ఎలుగుని కొడుతోంది.

“కర్రేటి అమ్మీ? సేట కాదా?”

“చేటా? చేటతో చోళ్ళు చెరుగుతారు, ఎలుగుని కొడతారేటి ఎవులైనా?”

సోములు పెద్దగా నవ్వాడు. ఉల్లిపాయలు బేరమాడుతున్న ఇద్దరు ఆడవాళ్ళు కూడా నవ్వారు.

“కొంటే కొను, లేకపోతే పుస్తకం అక్కడెట్టు. ఎగతాళి చెయ్యకు,” అంది నీలవేణి.

ఆవిడ కదల్లేదు. వేలు ఉయ్యాల బొమ్మ మీద పెట్టి, మెల్లగా అడిగింది.

“సంటిది బాగున్నాదా?”

నీలవేణి చప్పున ఒళ్ళో ఉన్న కూతుర్ని చూసుకుంది. స్వర్ణకి నిన్నటి నుంచి జలుబు.

“నా బిడ్డతో నీకేటి పని?”

స్వర్ణ మాత్రం కిలకిలా నవ్వుతూ ఆవిడ కొంగు అందుకుని లాగింది.

కొంగు జారింది.

ఒక చెంప లేదు. కన్ను కింద నుంచి గడ్డం దాకా చర్మం ముడుచుకుపోయి ఉంది.

పెద్దరోగం! నీలవేణికి ఇంకేమీ తోచలేదు. బిడ్డను ఒక్క గుంజు గుంజింది.

“ముట్టుకోకు! ఏ రోగముందో ఏటో, మొకం కప్పుకుని సంతలో తిరుగుతన్నావా? లెగు! లెగెళ్ళు ఇక్కణ్ణించి!”

సంత మొత్తం ఇటే తిరిగింది.

ఆవిడ గబగబా కొంగు సర్దుకుంది. పుస్తకాన్ని ముడత పడకుండా మూసి, రెండు చేతులతో కట్ట మీద పెట్టింది.

“జడవకమ్మా. పోతాను.”

స్టేషన్ వైపు నడిచి జనంలో కలిసిపోయింది.

ఎవరూ నవ్వలేదు. సోములు కూడా తల దించుకుని ఉల్లిపాయలు ఏరుకుంటున్నాడు. పాపం, కేకలెయ్యకుండా ఉండాల్సింది అనిపించింది నీలవేణికి. అయినా చెంబులో నీళ్ళు పోసి, స్వర్ణ చేతులు తోమి తోమి కడిగింది.

“ఆ మామ్మ ఏడిసింది,” అంది స్వర్ణ.

“నువ్వు నోరు ముయ్యి.”

అసిరమ్మ టీ తాగి వచ్చింది. అచ్చయ్యాకే చూపిస్తానని కూతురు ఇన్నాళ్ళూ దాచిన పుస్తకం. చేతులు చీరకు తుడుచుకుని భయంభయంగా తెరిచింది. చదవడం రాదు, బొమ్మల మీద వేలు పెట్టుకుంటూ పోయింది.

“ఉయ్యాల్లో నేనేనా? ఎంత నల్లగా గీసినావే!” మురిసిపోయింది.

తర్వాత వేలు ఆగింది.

“ఇదేటే, కర్ర? సేట కదా.”

నీలవేణి చేతిలో చెంబు ఒరిగింది.

“ఎవులు చెప్పినారు?”

“మీ అమ్మమ్మే. సోళ్ళు సెరుగుతూ సెరుగుతూ ఆ సేటే ఎలుగు మూతికి అడ్డమెట్టీసినాదట. నీకు సెప్పలేదేటి?”

“కొట్టిందని అంది. కర్రే అనుకున్నాను.”

స్టేషన్ వైపు నుంచి కిరండోల్ పాసింజరు కూత వేసింది.

అసిరమ్మ ఆఖరి పేజీ తిప్పి, పూలదండ వంక అర్థం కానట్టు చూసింది.

“ఇదేటి, సంపీసినావు?”

“అమ్మమ్మ అనీది కదే... ఆ గుంట పోనాది అని.”

“పోనాదే. సీలిపోయిన ఆ మొకం సూసి నేను గుక్కపట్టి ఏడిసీదాన్నట, సంటిది జడుసుకుంతందని ఎవులికీ సెప్పకండా రైలెక్కి పోనాది.”